యాప్‌లో పరిచయం తప్పు కాదు, దాన్ని దాచుకోవాల్సి రావడమే ప్రమాదం
విజయవాడ, గుంటూరు వధూవరుల పరిచయ వేదికల నిర్వాహకులకు బహిరంగ లేఖ

పరిచయ వేదికలు నడిపే పెద్దలకు, మ్యారేజ్ బ్యూరోల వారికి, వాట్సాప్‌లో సంబంధాల గ్రూపులు చూసుకునే అమ్మలకు, అయ్యలకు నమస్కారం.

మేం ఈ రెండు ఊళ్లలో కుటుంబ తగాదాలు చూసే న్యాయవాదులం, పెళ్లికి ముందూ తర్వాతా జంటలతో మాట్లాడే కౌన్సెలర్లం, సైబర్ ఫిర్యాదులు రాయడంలో సాయం చేసే వాలంటీర్లం. ఒక్క విషయం అడగడానికే ఈ ఉత్తరం. మీ సభల్లో మైకు ముందుకొచ్చిన తల్లిదండ్రులు "మావాడికి సిగరెట్ లేదు, మందు లేదు, ఆ డేటింగ్ యాప్‌ల గొడవ అసలే లేదు" అని చెబుతుంటారు. కొన్ని ఫారాల్లో "చెడు అలవాట్లు" అనే గడి కింద ఇదీ చేరింది. ఆ మాటను మైకు మీంచి, ఆ గడిని ఫారంలోంచి తీసేయండి. అది పిల్లల్ని కాపాడుతుందని మీరు నమ్ముతున్నారు. పిల్లల్ని మోసగాడి చేతికి అప్పజెబుతున్నది అదేనని మేం చెబుతున్నాం. ఎందుకో వివరంగా రాస్తున్నాం, దయచేసి చివరిదాకా చదవండి.

ముందు ఈ యాప్‌లు మన దగ్గర ఎలా పనిచేస్తాయో చూడండి. టిండర్ 2012లో మొదలైంది. బంబుల్ మన దేశానికి 2018 డిసెంబరులో వచ్చింది. అన్నీ ఫోన్ ఉన్న చోటును బట్టి చుట్టుపక్కల మనుషుల్ని చూపిస్తాయి. విజయవాడకూ గుంటూరుకూ మధ్య దూరం సుమారు 35 కిలోమీటర్లు. యాప్‌లో దూరం 40 అని పెట్టుకుంటే విజయవాడ బెంజ్ సర్కిల్‌లో కూర్చున్న మనిషికి తాడేపల్లి, మంగళగిరి, తెనాలి, గుంటూరు బ్రాడీపేట అన్నీ వచ్చేస్తాయి. నంబూరు, వడ్డేశ్వరం, నీరుకొండ యూనివర్సిటీల పిల్లలూ అందులోనే. ఊళ్లు రెండైనా జనం ఒక్కటే. నాలుగు రోజులు తిరిగేసరికి పిన్నిగారి ఆడపడుచు కొడుకో, పాత ట్యూషన్ మాస్టారో ఎదురవుతారు. అందుకే మనవాళ్లు హైదరాబాద్ వాళ్లలా పేరూ ముఖమూ పెట్టరు. పేరు మారుస్తారు, కృష్ణా నది సూర్యాస్తమయం ఫోటో పెడతారు, ఊరు "విశాఖ" అని రాస్తారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇంట్లో తెలుస్తుందని ముఖం దాచుకున్న మంచి పిల్లవాడూ, దోచుకోవడానికి ముఖం దాచుకున్న దొంగా తెర మీద ఒకేలా కనిపిస్తారు. ముఖం లేని ప్రొఫైళ్లు వంద ఉన్న చోట దొంగకు వేరే ముసుగు అక్కర్లేదు. ఆ వందమందికీ ముసుగు తొడిగింది మన చుట్టూ ఉన్న సిగ్గు. దాన్ని తగ్గించగల శక్తి పోలీసుల కన్నా మీకే ఎక్కువ. ఒక సంబంధం "మంచిది" అని మీరు అంటే నాలుగు వందల ఇళ్లలో అది మంచిదవుతుంది.

చుట్టాలకు కనిపించకుండా ఉండాలంటే అబద్ధం పేరు పెట్టుకోనక్కర్లేదు. టిండర్ సెట్టింగ్స్‌లో బ్లాక్ కాంటాక్ట్స్ అని ఉంటుంది. ఫోన్‌లో ఉన్న నంబర్లలోంచి పెదనాన్న, మేనత్త కొడుకు, ఆఫీసు మేనేజరు, ఎవరెవరు కావాలంటే వారిని ఎంచుకుంటే, ఆ నంబరుతో ఖాతా తెరిచిన వారికి ఈ ప్రొఫైల్ కనబడదు. వాళ్లు వేరే నంబరుతో తెరిచి ఉంటే మాత్రం పనిచేయదు. ఇన్‌కాగ్నిటో అనేది ఇంకొకటి, దానికి డబ్బు కట్టాలి. అది పెట్టుకుంటే మనం ఇష్టపడినవారికి మాత్రమే మనం కనిపిస్తాం. ఈ రెండూ తెలియక అబద్ధాల ప్రొఫైళ్లు పెట్టుకునేవారు ఎక్కువ. అబద్ధంతో మొదలైన పరిచయం పెళ్లిమాటల దాకా వచ్చాక "నువ్వు పేరే అబద్ధం చెప్పావు" అనే మాట దగ్గర తెగిపోతుంది.

నీలి టిక్కు గురించీ ఒక మాట. దాన్ని చూసి "వెరిఫై అయిన అబ్బాయే" అని ధైర్యపడే అమ్మాయిలున్నారు. సెల్ఫీ వీడియో తీయించుకుని, ప్రొఫైల్ ఫోటోల్లోని ముఖంతో పోల్చి ఇచ్చే గుర్తు అది. ఫోటోలోని మనిషే ఫోన్ పట్టుకున్నాడని చెబుతుందే తప్ప, పెళ్లయిందా లేదా, ఉద్యోగం నిజమా, పేరు నిజమా అనేవి ఆ టిక్కులోకి రావు. వాటిని కనుక్కోవడం మీ విద్య. తరతరాలుగా మీరు చేసే పని అదే కదా: వాకబు.

వాకబు బలం ఏమిటంటే, ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరిని అడగడం. వీధిలో కిరాణా కొట్టాయన ఒకటి చెప్పి, ఆఫీసులో తోటి ఉద్యోగి అదే చెబితే నమ్ముతాం. యాప్ పరిచయానికీ ఇదే కొలత. ఫోటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతికితే, అది ఎవరో మోడల్‌దో, వేరే పేరున్న ఇన్‌స్టాగ్రామ్ ఖాతాదో అయితే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. కలవడానికి ముందు పది నిమిషాల వీడియో కాల్ మాట్లాడాలి. కెమెరా పాడైంది, నెట్ లేదు అని మూడుసార్లు చెబితే ఆ మనిషిని వదిలేయాలి. ఉద్యోగం చెప్పినచోట ఆఫీసు మెయిల్ నుంచి ఒక్క మెయిల్ పెట్టమనాలి, లేదా లింక్డ్‌ఇన్‌లో తోటివారు ఎవరో చూడాలి. స్నేహితుల్లో ఒకరిని కలపమని అడగాలి. నెలలు గడిచినా ఒక్క స్నేహితుణ్ణి కూడా చూపించని మనిషికి ఇంకో ఇల్లు ఉందేమోనని అనుమానించాలి.

మీ వాకబుకూ ఒక బలహీనత ఉంది, చెబితే నొచ్చుకోకండి. మనవాళ్లు ఉన్నంత మేరే అది పనిచేస్తుంది. పటమటలోనో లక్ష్మీపురంలోనో పెరిగిన కుర్రాడి సంగతి సాయంత్రానికి తెలిసిపోతుంది. అతను తొమ్మిదేళ్లుగా డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉంటే మీ దగ్గరున్నది తొమ్మిదేళ్ల నాటి కుర్రాడి సంగతి మాత్రమే. పైగా మనవాళ్లను అడిగితే మనవాళ్లు కప్పిపుచ్చుతారు. "పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అనుకుని జబ్బునూ, తాగుడునూ, పాత రిజిస్టర్ పెళ్లినీ దాచిన సంబంధాలు కుటుంబ న్యాయస్థానాలకు వస్తూనే ఉన్నాయి. అవన్నీ పెద్దలు కుదిర్చినవే. మోసం యాప్‌లో పుట్టిన వస్తువు కాదు.

ఇప్పుడు బయోడేటాలు. యాప్‌లంటే భయపడే ఇళ్లవాళ్లు ఏ యాప్ కూడా అడగనన్ని వివరాలు ఒక్క పీడీఎఫ్‌లో పెట్టి వాట్సాప్‌లోకి వదులుతున్నారు. అమ్మాయి పూర్తి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన సమయం, తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు, డోర్ నంబరుతో సహా చిరునామా, జీతం, కంపెనీ పేరు, మూడు ఫోన్ నంబర్లు, పొలం ఎన్ని ఎకరాలు, ఫ్లాటు ఎక్కడ, నాలుగు నిలువెత్తు ఫోటోలు. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా ఉండవచ్చు. ఒక్క గ్రూపులో పడిన బయోడేటా వారంలో ఎన్ని గ్రూపులు తిరుగుతుందో ఎవరూ లెక్కపెట్టలేరు. అమ్మాయికి పెళ్లయి బిడ్డ పుట్టాక కూడా "సంబంధం చూస్తున్నారా అండీ" అని ఫోన్లు వచ్చేది అందుకే. ఆ ఫోటోలతో, ఆ వివరాలతో నకిలీ మ్యాట్రిమోనీ ప్రొఫైల్ తయారు చేయడానికి అయిదు నిమిషాలు పట్టదు. తల్లి పుట్టింటి పేరు, పుట్టిన తేదీ కొన్ని చోట్ల ఖాతా భద్రతకు అడిగే ప్రశ్నలు కూడా. మ్యాట్రిమోనీ వెబ్‌సైట్లకు కేంద్రం 2016 జూన్‌లోనే మార్గదర్శకాలు ఇచ్చింది: సభ్యుల గుర్తింపు పత్రాలు చూడాలి, ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి, అది పెళ్లి కోసమే తప్ప డేటింగ్ కోసం కాదని స్పష్టంగా రాయాలి. మీ గ్రూపుల్లో అలాంటి తనిఖీ ఏదీ జరగదు. అందుకే మీరే ఒక కట్టుబాటు పెట్టుకోవాలి.

బయోడేటాను రెండు భాగాలు చేయండి. గ్రూపులో పెట్టే మొదటి పేజీలో పేరులో ఒక భాగం, పుట్టిన సంవత్సరం, చదువు, ఏ రంగంలో పని, ఏ ఊరు, తల్లిదండ్రుల్లో ఒకరి నంబరు, ఒకే ఒక ఫోటో ఉంటే చాలు. ఆ ఫోటోకు అడ్డంగా "పరిచయం కోసం మాత్రమే" అనీ, నెల, సంవత్సరం రాయండి. ఆ రాత ముఖానికి దగ్గరగా ఉండాలి. మూలన పెడితే కత్తిరించేస్తారు. జాతకం, గోత్రం, ఆస్తి, చిరునామా రెండో పేజీలో పెట్టి, రెండు వైపులా మాట కలిశాక ఒకరికొకరు నేరుగా పంపుకోవాలి. ఎవరైనా ఆధార్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లో దిగుతుంది, చివరి నాలుగు అంకెలే కనబడతాయి. సంబంధం కుదిరిన రోజే గ్రూపులో "తీసేయండి" అని రాయడం, గ్రూపులో ఉన్నవారంతా ఆ బయోడేటాను తమ ఫోన్లలోంచి తీసేయడం ఒక ఆచారంగా పెట్టండి. నిశ్చితార్థానికి తాంబూలాలు మార్చుకున్నట్టే ఇదీ.

మోసాల సంగతికి వద్దాం. డబ్బు మోసం ఎక్కువగా ఒకే దారిలో నడుస్తుంది. మొదటి వారంలోనే మాటను యాప్‌లోంచి వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో మారుస్తారు, యాప్ వాళ్లు ఆ ఖాతాను మూసేసినా లింకు తెగకుండా. రెండు మూడు వారాలు పొద్దున్నే "తిన్నావా", రాత్రికి "నిద్రపోయావా". డబ్బు మాట ఉండదు. తర్వాత "మా బాబాయి ట్రేడింగ్‌లో ఉన్నాడు, నేనూ పెడుతున్నా" అని ఒక యాప్ లింకు. మొదట అయిదు వేలో పది వేలో పెట్టిస్తారు, లాభంతో సహా వెనక్కి తీసుకోనిస్తారు. ఆ వెనక్కి వచ్చిన డబ్బే ఎర. లక్షలు పెట్టాక తీసుకోబోతే "ముందు 20 శాతం పన్ను కట్టాలి" అంటారు. నిజమైన పన్ను ఏదీ మన డబ్బు మనం తీసుకోవడానికి ముందుగా వేరే ఖాతాకు పంపమనదు. ఇంకో రకంలో విదేశీ వరుడు బహుమతి పంపుతాడు, ఢిల్లీ కస్టమ్స్ నుంచి అని ఒకామె ఫోన్ చేసి ఒక వ్యక్తి పేరున్న ఖాతాకు రుసుము కట్టమంటుంది. కస్టమ్స్ వాళ్లు వ్యక్తిగత ఖాతాలోకి, యూపీఐ నంబరుకు డబ్బు తీసుకోరు. ఈ మోసం డేటింగ్ యాప్‌లలోనే కాదు, మ్యాట్రిమోనీ సైట్లలోనూ ఉంది. పెళ్లి మాట ఉంటే నమ్మకం త్వరగా కుదురుతుంది కదా.

మగపిల్లల విషయంలో ఎక్కువ నాశనం చేసేది వీడియో కాల్. యాప్‌లో పరిచయం, గంటలో వాట్సాప్ నంబరు, రాత్రి పదకొండుకు కాల్. అవతల ఒక అమ్మాయి బట్టలు తీస్తుంది, అది చాలాసార్లు ముందే రికార్డు చేసిన వీడియో. ఇవతల కుర్రాడి ముఖం రికార్డవుతుంది. కాల్ తెగిన అయిదు నిమిషాలకు ఆ వీడియో, దానితోపాటు అతని ఫేస్‌బుక్ స్నేహితుల జాబితా వస్తాయి. అందులో "అమ్మ", "బాబాయ్", "మేనేజర్ గారు" పేర్లు కింద గీత గీసి ఉంటాయి. రేపొద్దున సీబీఐ అధికారినంటూ ఇంకొకడు ఫోన్ చేస్తాడు. ఈ మొత్తం వ్యాపారానికి పెట్టుబడి ఒక్కటే: ఇంట్లో తెలిస్తే చస్తాననే భయం. ఆ భయం లేని ఇంట్లో ఆ వీడియో విలువ సున్నా. ఒకసారి డబ్బు కట్టినవాడిని వాళ్లు వదలరు, కట్టగలడని తెలిసింది కనుక మొత్తం పెంచుతారు.

అప్పుడు చేయాల్సిన పని, ఆ వరుసలోనే. పైసా పంపవద్దు. చాట్ డిలీట్ చేయవద్దు; సిగ్గుతో మొదట చేసే పని అదే, కేసు అక్కడే నీరుగారిపోతుంది. నంబరు, ప్రొఫైల్ లింకు, యూపీఐ ఐడీ, బెదిరింపు సందేశాలు, తేదీ సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయాలి. తర్వాత బ్లాక్ చేయాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో స్నేహితుల జాబితా ఇతరులకు కనబడకుండా మూసేయాలి. ఇంట్లో ఒక్కరికి, అమ్మకో అక్కకో, ఆ రాత్రే చెప్పాలి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. వాళ్లు బ్యాంకు పేరు, మొత్తం, సమయం, లావాదేవీ యూటీఆర్ నంబరు అడుగుతారు. యూపీఐలో ఆ నంబరు 12 అంకెలు, పేమెంట్ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే కనిపిస్తుంది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కణ్ణుంచి నాలుగింటికి, ఏటీఎంకు నిమిషాల్లో మారిపోతుంది. అందుకే మొదటి గంటలో చేసిన ఫోన్‌కూ, మూడు రోజులు ఏడ్చి చేసిన ఫోన్‌కూ నేలకూ నింగికీ ఉన్నంత తేడా. ఫోన్ చేశాక వచ్చిన నంబరుతో 24 గంటల్లోగా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు నమోదు చేయాలి. స్టేషన్‌కు వెళ్లాల్సి వస్తే ఏ స్టేషన్ పరిధి అనే ప్రశ్న అడ్డు రాకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం ఎక్కడైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. ఫోటో, వీడియో బయటికొస్తుందనే భయం ఉంటే స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది, 18 ఏళ్లు నిండినవారికి. ఫోటో మన ఫోన్ దాటి వెళ్లదు, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ ఫోటో ఎక్కినప్పుడు పట్టుకుని తీసేస్తాయి. ఇంకొకటి గుర్తుంచుకోండి: డబ్బు పోయిన నెలకు "మీ డబ్బు రికవరీ చేసిపెడతాం" అని ఫోన్ వస్తుంది. అది రెండో మోసం.

అబ్బాయిలను ఇష్టపడే అబ్బాయిలను "పోలీసు కేసు పెట్టిస్తాం" అని బెదిరించి దోచుకునే ముఠాలు వేరే. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఇచ్చిన తీర్పు తర్వాత మేజర్లైన ఇద్దరి పరస్పర ఇష్టం నేరం కాదు. కేసు పెట్టాల్సింది ఆ బెదిరించినవాడి మీద. ఆ పిల్లలు మీ సభలకు రారు, కానీ మీ ఇళ్లలోనే ఉంటారు.

మొదటిసారి కలిసే చోటు విషయంలోనూ సిగ్గే నష్టం చేస్తోంది. "ఎవరైనా చూస్తారు" అని బీసెంట్ రోడ్డునూ, బ్రాడీపేట టిఫిన్ హోటళ్లనూ వదిలి హైవే పక్క దాబాలకు, చీకటి పడ్డాక జనం లేని ఘాట్ల వైపు, కొండవీడు ఘాట్ రోడ్డుకు పోతున్నారు. భవానీ ద్వీపం కూడా మొదటి భేటీకి పనికిరాదు. వెనక్కి రావాలంటే పడవ మీద ఆధారపడాలి, నచ్చకపోతే లేచి వచ్చేయడం కుదరదు. పగటిపూట, మనకు తెలిసిన సెంటర్‌లో, మనం ఎంచుకున్న చోట కలవాలి. అవతలివాళ్లే ఫలానా కేఫ్‌కే రావాలని పట్టుబడితే జాగ్రత్త. అమ్మాయి వెళ్లిపోయి వేల రూపాయల బిల్లు అబ్బాయి చేతికొచ్చే మోసం ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్‌లలో జరిగింది. కూర్చునే ముందే మెనూ ధరలు చూడాలి. సొంత బండి మీదో, తాను పిలిచిన ఆటోలోనో వెళ్లాలి. వాట్సాప్ లైవ్ లొకేషన్ 15 నిమిషాలకు, గంటకు, 8 గంటలకు పెట్టుకోవచ్చు. 8 గంటలది ఒక స్నేహితురాలికి పంపి, ఫలానా సమయానికి ఫోన్ చేయమని చెప్పాలి. ఇంట్లోనే చెప్పి వెళ్లగలిగితే ఆ ఫోన్ అమ్మే చేస్తుంది.

చట్టం గురించి మీ సభల్లో వినిపించే రెండు పొరపాట్లు. కులాంతరమైతే స్పెషల్ మ్యారేజ్ చట్టమే దిక్కని చాలామంది అనుకుంటారు. ఇద్దరూ హిందువులైతే ఏ కులమైనా 1955 హిందూ వివాహ చట్టం సరిపోతుంది. మతాలు వేరై, ఎవరూ మతం మారకుండా చేసుకోవాలంటే 1954 స్పెషల్ మ్యారేజ్ చట్టం. దానికి ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివాసం ఉండాలి, నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలకు 30 రోజులు ఆగాలి, నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. గడువు దాటితే నోటీసు మళ్లీ మొదటి నుంచీ. రెండో పొరపాటు, విడిపోతే చాలు "మోసం కేసు" అనుకోవడం. భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ పెళ్లి చేసుకునే ఉద్దేశమే లేకుండా మాటిచ్చి లోబరచుకోవడాన్నీ, గుర్తింపు దాచి పెళ్లాడటాన్నీ శిక్షిస్తుంది, 10 ఏళ్ల దాకా. నిజంగా అనుకుని తర్వాత కుదరక విడిపోవడం వేరు. మేజర్లైన ఇద్దరు పెళ్లికి ఒప్పుకున్నాక కుటుంబం, కులపెద్దల అనుమతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది.

ఈ నేలకు ఇదేం కొత్త కాదు. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కుమార్తె మనోరమ గారి కులాంతర వివాహం 1948లో సేవాగ్రామ్‌లో జరిగింది. ఆ కుటుంబం నడిపిన నాస్తిక కేంద్రం పటమటలో ఇప్పటికీ ఉంది. తెనాలిలో త్రిపురనేని రామస్వామి గారు పెళ్లితంతును తెలుగులో రాసి పెళ్లిళ్లు జరిపించారు. వాటినీ ఆనాటి పెద్దలు చెడు అలవాట్లనే అన్నారు. తర్వాత ఆ పెద్దల మనవలే ఆ పద్ధతిలో పెళ్లాడారు.

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఫారంలో "చెడు అలవాట్లు" కింద యాప్‌ల మాట తీసేసి, "ఇదివరకు పెళ్లి, నిశ్చితార్థం, కోర్టు కేసు ఏమైనా ఉందా" అనే గడి పెట్టండి. వాకబు చేయాల్సింది దాని గురించి. యాప్‌లో కలిసిన జంట తల్లిదండ్రులతో మీ దగ్గరకు వస్తే, మామూలు సంబంధానికి చేసినట్టే వాళ్లకూ వాకబు చేసిపెట్టండి. మధ్యవర్తి లేడనే కదా ఆ ఇళ్లు బెంగపడేది, ఆ మధ్యవర్తి మీరే కండి. కల్యాణ మండపం గుమ్మం దగ్గర ఒక బల్ల వేసి 1930 అని పెద్ద అక్షరాల్లో రాసిన కాగితం పెట్టండి. వచ్చిన పిల్లలు ఆ బల్ల దగ్గర ఏం మాట్లాడినా వాళ్ల ఇంట్లో చెప్పబోమని ముందే ప్రకటించండి.

రెండు పేజీల బయోడేటా నమూనా, గ్రూపు అడ్మిన్లకు ఒక పేజీ సూచనలు తెలుగులో రాసి సిద్ధంగా ఉంచాం. ఏ కులం వేదికైనా, ఏ మతం వేదికైనా అడిగితే ఉచితంగా ఇస్తాం, బల్ల దగ్గర కూర్చోవడానికి ఆదివారాలు మావాళ్లు ఇద్దరు వస్తారు. మాఘమాసం ముహూర్తాలకు ముందు జరిగే సభల ఫారాలు అచ్చుకు వెళ్లేలోపు కబురు చేయండి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరుల నుంచి కొందరు న్యాయవాదులు, కౌన్సెలర్లు, సైబర్ సాయం వాలంటీర్లు